“వాతావరణం బాగాలేదు” అన్న ఒక్క మాటతో పరిహారం ఎగవేయవచ్చునా?

ప్రశ్న: మాది హనుమకొండ. గత జనవరిలో నాన్నగారి అస్థికలను కాశీలో నిమజ్జనం చేసి, నేనూ నా భార్యా 68 ఏళ్ల మా అమ్మగారూ తిరుగు ప్రయాణమయ్యాం. వారణాసి నుంచి శంషాబాద్‌కు రాత్రి 8:30 గంటల విమానం. ఆరున్నరకే చెక్-ఇన్ చేశాం. మొదట పది గంటలకు బయలుదేరుతుందన్నారు, తరువాత 11:45 అన్నారు, చివరకు 12:20కి రద్దయిందన్నారు. అంతసేపట్లో మా చేతికి వచ్చినవి మనిషికొక నీళ్ల సీసా, ఒక బిస్కెట్ ప్యాకెట్. అమ్మగారికి మధుమేహం. ఎల్లుండి సాయంత్రం విమానంలో సీట్లిస్తాం, లేదంటే డబ్బు వాపసు తీసుకోండి అన్నారు. అంతవరకు ఆగలేక వాపసు కోరుకున్నాం. ఆ రాత్రి లాడ్జికి 3,200 రూపాయలు, కారుకు 900 అయ్యాయి. మరునాడు మరొక సంస్థ విమానంలో మనిషికి 11,400 పెట్టి వచ్చాం. పాత టికెట్టు మనిషికి 6,300. ఆ 18,900 రూపాయలను టికెట్లు కొన్న వెబ్‌సైటు తన వ్యాలెట్‌లో వేసింది తప్ప బ్యాంకుకు పంపలేదు. ఫోనుకు వచ్చిన సందేశంలో “నిర్వహణ కారణాల వల్ల” రద్దయిందని ఉంది. పరిహారం అడిగితే మాత్రం “ప్రతికూల వాతావరణం” అని మెయిల్ పంపారు. మనిషికి 20,000 వస్తాయని మా బావగారు అంటున్నారు. నిజమేనా? ఎవరిని, ఎలా అడగాలి? మే నెలలో అమ్మగారిని మా చెల్లెలి దగ్గరకు ఫ్రాంక్‌ఫర్ట్ పంపాలి. అక్కడి ప్రయాణానికీ ఇవే నిబంధనలు వర్తిస్తాయా?

సమాధానం: తండ్రిగారి కార్యం ముగించుకుని వస్తున్న కుటుంబాన్ని, అందులోనూ మధుమేహమున్న పెద్దావిడను, అర్ధరాత్రి దాకా బిస్కెట్లతో కూర్చోబెట్టి ఆ పైన రోడ్డున వదిలివేయడం ఎంత మాత్రం క్షమించదగినది కాదు. మీరు పంపిన టికెట్లు, సందేశాలు, మెయిల్ అన్నీ చదివాను. మీ విషయంలో న్యాయం మీ వైపే ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం. అయితే మీరు కోరదగినవన్నీ ఒకే రకమైనవి కావు. కొన్ని నిబంధనలో రాసి ఉన్న హక్కులు, కొన్ని వాదించి సాధించుకోవలసినవి. ఈ తేడా ముందే తెలిసి ఉంటే ఎక్కడ గట్టిగా నిలబడాలో, ఎక్కడ సర్దుకోవాలో మీరే నిర్ణయించుకోగలుగుతారు.

మన దేశంలో విమానాల ఆలస్యం, రద్దు, సీటు నిరాకరణ అనే మూడింటికీ ఆధారం పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ జారీ చేసిన సివిల్ ఏవియేషన్ రిక్వైర్‌మెంట్స్‌లోని మూడవ విభాగం, ఎం శ్రేణి, నాలుగవ భాగం. ఇది 2010 ఆగస్టు నుంచి అమలులో ఉంది, తరువాత కొన్నిసార్లు సవరించారు. మీరు రాసే ప్రతి ఉత్తరంలోనూ ఈ పేరును ఇలాగే ఉదహరించండి. అవతలి వారికి ఇది చదివిన మనిషి అని తెలిస్తే జవాబు ధోరణే మారుతుందని నా అనుభవం.

రద్దు గురించి ఆ నిబంధన చెప్పేది ఇది. బయలుదేరవలసిన సమయానికి కనీసం రెండు వారాల ముందే రద్దు సంగతి తెలియజేసి, ప్రయాణికుడికి సమ్మతమైన విధంగా మరో విమానమో టికెట్టు డబ్బో ఇవ్వాలి. రెండు వారాల కంటే తక్కువ వ్యవధిలో, కానీ 24 గంటల ముందు వరకు తెలియజేసినా అంతే. ఆ 24 గంటల గడువు కూడా దాటిపోయాక చెబితే, ప్రయాణికుడికి సమ్మతమైన ప్రత్యామ్నాయ విమానం ఏర్పాటు చేయాలి, లేదా టికెట్టు డబ్బు పూర్తిగా తిరిగి ఇచ్చి దానికి అదనంగా పరిహారం కూడా చెల్లించాలి. మీకు విమానం బయలుదేరవలసిన సమయం దాటిన దాదాపు నాలుగు గంటలకు, విమానాశ్రయంలోనే చెప్పారు. కాబట్టి మీరు నేరుగా ఈ చివరి కోవలోకి వస్తారు.

ఇక్కడ “సమ్మతమైన” అన్న మాట మీద ఒక్క క్షణం ఆగండి. ఎల్లుండి సాయంత్రం విమానానికి మీరు సరే అని ఉంటే పరిహారం ప్రశ్న అక్కడితో ముగిసిపోయేది. ప్రత్యామ్నాయ విమానం ఎక్కిన వారికి ఈ నిబంధన కింద నగదు పరిహారం రాదు. ఈ సంగతి తెలియక కౌంటరు దగ్గర తొందరలో ఏదో ఒకటి ఒప్పుకుని, ఇంటికి వచ్చాక పరిహారం అడిగి నిరాశపడే వారు చాలా మంది ఉన్నారు. మీరు ఆ ప్రత్యామ్నాయాన్ని అంగీకరించలేదు, వాపసు కోరారు. తెలిసో తెలియకో మీరు చేసిన ఆ ఎంపిక వల్లనే పరిహారం అడిగే దారి మీకు తెరిచి ఉంది.

ఇక ఎంత వస్తుందన్నది. మీ బావగారు చెప్పిన 20,000 అన్న అంకె అదే నిబంధనలో ఉన్నది గాని, అది వేరే సందర్భానికి సంబంధించినది. ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్ముకుని, చెక్-ఇన్‌కు సకాలంలో వచ్చిన ప్రయాణికుణ్ణి విమానం ఎక్కనివ్వనప్పుడు, గంటలోపు మరో విమానం చూపకపోతే, 24 గంటల లోపు పంపితే ఒకవైపు బేసిక్ ఫేర్ (పన్నులు, ఇతర రుసుములు కలపని మూల ధర), ఇంధన ఛార్జీ కలిపిన మొత్తానికి రెండు రెట్లు, గరిష్ఠంగా 10,000 రూపాయలు ఇవ్వాలి. 24 గంటలు దాటినా, ప్రయాణికుడు వాపసే కోరుకున్నా నాలుగు రెట్లు, గరిష్ఠంగా 20,000 ఇవ్వాలి. మీ విమానం అసలు ఎగరనే లేదు కనుక ఈ లెక్క మీకు వర్తించదు.

రద్దుకు లెక్క ప్రయాణ వ్యవధిని బట్టి ఉంటుంది. విమానం ఒక చోట నిలిచిన స్థానం నుంచి కదిలి, గమ్యంలో తన స్థానంలో ఆగేదాకా పట్టే సమయాన్ని బ్లాక్ టైమ్ అంటారు. అది గంట వరకు ఉంటే 5,000, గంట దాటి రెండు గంటల వరకు ఉంటే 7,500, రెండు గంటలు దాటితే 10,000 రూపాయలు. అయితే ఈ అంకెలను పత్రికల్లో చూసి పూర్తిగా వస్తాయనుకోకండి. ఈ మొత్తం గాని, ఒకవైపు బేసిక్ ఫేర్‌కు ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం గాని, ఏది తక్కువైతే అది ఇస్తారు. మీ టికెట్టు ప్రకారం ప్రయాణ సమయం 2 గంటల 10 నిమిషాలు, కాబట్టి మీరు 10,000 రూపాయల తరగతిలో ఉన్నారు. కానీ మీ బేసిక్ ఫేర్ 4,900 మాత్రమే, ఇంధన ఛార్జీ విడిగా వేయలేదు. అందువల్ల మనిషికి 4,900, ముగ్గురికి 14,700 రూపాయలు. ఇది వాపసుకు అదనం. నగదుగానో బ్యాంకు ద్వారానో చెల్లించాలి. ప్రయాణ వోచర్లు ఇవ్వాలంటే మీరు సంతకం చేసి ఒప్పుకోవాలి. నా మాటగా చెబుతున్నాను, ఒప్పుకోకండి.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. సంస్థ చేతిలో లేని అసాధారణ పరిస్థితుల వల్ల విమానం రద్దయితే పరిహారం ఇవ్వనక్కరలేదని అదే నిబంధన చెబుతున్నది. రాజకీయ అస్థిరత, ప్రకృతి వైపరీత్యం, అల్లర్లు, వరద, ప్రభుత్వ ఉత్తర్వు, సమ్మె వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. వాతావరణం, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, భద్రతా ముప్పు స్పష్టంగా కారణమైనప్పుడు కూడా మినహాయింపు ఉంది. “స్పష్టంగా” అన్న మాట నేను చేర్చినది కాదు, నిబంధనలోనే ఉంది. వాతావరణం అన్నంత మాత్రాన సరిపోదు, ఈ విమానం ఈ వేళకు ఆ వాతావరణం వల్లనే ఎగరలేకపోయిందని స్పష్టంగా కనిపించాలి. మినహాయింపు కోరేది సంస్థ, వివరాలన్నీ ఉన్నవీ సంస్థ దగ్గరే, కాబట్టి చూపించవలసిన భారమూ దానిదే అని వాదించవలసి ఉంటుంది.

జనవరిలో గంగా మైదానమంతటా పొగమంచు కమ్ముకుంటుందన్నది నిజం. అది సాధారణంగా అర్ధరాత్రి దాటాక చిక్కబడి, తెల్లవారుజామున పూర్తిగా దట్టమై, పొద్దెక్కాక విడుతుంది. రాత్రి 8:30 విమానం ఎగరలేనంత మంచు ఆ సాయంత్రం వారణాసిలో ఉన్నదా లేదా అన్నది ఊహతో తేల్చవలసిన విషయం కాదు. ప్రతి పెద్ద విమానాశ్రయంలోనూ గాలి వేగం, ఉష్ణోగ్రత, కంటికి ఎన్ని మీటర్ల దూరం కనిపిస్తున్నదీ క్రమం తప్పకుండా నమోదు చేస్తారు. దీనిని మెటార్ నివేదిక అంటారు. పాత నివేదికలను ఉచితంగా చూపే వెబ్‌సైట్లు ఉన్నాయి. ఆ తేదీన రాత్రి ఎనిమిది నుంచి ఒంటిగంట వరకు వారణాసి, శంషాబాద్ నివేదికలు రెండూ తీసి దాచుకోండి. సమయం అక్కడ అంతర్జాతీయ కాలమానంలో ఉంటుంది, దానికి అయిదున్నర గంటలు కలిపితే మన సమయం వస్తుంది. అలాగే విమానాల రాకపోకలను చూపే వెబ్‌సైట్లలో ఆ రాత్రి వారణాసి నుంచి బయలుదేరిన ఇతర విమానాల వివరాలు దొరుకుతాయి. కొంతకాలం గడిచాక ఉచితంగా కనిపించవు కాబట్టి ఈ పని ఈ వారమే చేయండి. ఆ మూడు నాలుగు గంటల్లో ఇతర సంస్థల విమానాలు మామూలుగా ఎగిరి ఉంటే “ప్రతికూల వాతావరణం” అన్న జవాబుకు బలం చాలా వరకు తగ్గిపోతుంది.

దీనికి సంస్థ చెప్పగల సమాధానం ఒకటి ఉంది, దానిని మీరు ముందే ఊహించి పెట్టుకోవాలి. “వారణాసిలో మంచు లేకపోవచ్చు, కానీ ఆ విమానం ఉదయం ఢిల్లీలో పొగమంచు వల్ల గంటల తరబడి ఆగిపోయింది, అందువల్ల రోజంతా దాని రాకపోకలు వెనుకబడ్డాయి” అంటారు. అనేక సందర్భాల్లో ఇది నిజమే కూడా. ఒకే విమానం రోజుకు అయిదారు ఊళ్లు తిరుగుతుంది, ఉదయం జరిగిన ఆలస్యం రాత్రికి చేరుతుంది. ఆలస్యం పెరిగిన కొద్దీ పైలట్లకు చట్టం విధించిన డ్యూటీ గంటల పరిమితి ముగిసిపోతుంది, మరో జత పైలట్లు లేకపోతే విమానం రద్దవుతుంది. అర్ధరాత్రి ప్రాంతంలో, “ఇంకొంచెం సేపు” అంటూ వాయిదా వేసి వేసి ఆఖరున రద్దు చేసే విమానాల వెనుక చాలాసార్లు ఈ కారణమే ఉంటుంది. మీ విమానానికి కూడా అదే జరిగి ఉండవచ్చునని, మొదటి సందేశంలో “నిర్వహణ కారణాలు” అని రావడం చూసి నాకు అనుమానం కలుగుతున్నది. ఉదయం ఢిల్లీలో పడిన మంచు ప్రకృతి పని. రాత్రికి మరో విమానాన్నో మరో జత పైలట్లనో సిద్ధం చేయకపోవడం మాత్రం నిర్వహణ లోపం. ప్రతి శీతాకాలమూ మంచు వస్తుందని తెలిసి కూడా దానికి తగిన ఏర్పాటు లేకపోతే ఆ భారం ప్రయాణికుడి మీద పడకూడదు.

ఈ తేడాను అందరూ కళ్లారా చూసిన సందర్భం 2025 డిసెంబరు మొదటి వారం. పైలట్ల విశ్రాంతికి సంబంధించిన కొత్త నిబంధనలకు తగినట్లు సిబ్బందిని సిద్ధం చేసుకోలేక ఇండిగో వేల విమానాలను రద్దు చేసింది. శంషాబాద్‌లోనూ ప్రయాణికులు నేల మీద పడుకున్నారు. కేంద్ర పౌర విమానయాన శాఖ వాపసులకు గడువు విధించింది, టికెట్ల ధరలకు దూరాన్ని బట్టి తాత్కాలికంగా పరిమితి పెట్టింది. బయలుదేరే సమయానికి 24 గంటల లోపు రద్దయిన విమానాల ప్రయాణికులకు నిబంధనల ప్రకారం 5,000 నుంచి 10,000 రూపాయల వరకు పరిహారం ఇస్తామని ఆ సంస్థే ప్రకటించింది. సిబ్బంది కొరత అసాధారణ పరిస్థితి కిందికి రాదని వాదించేటప్పుడు ఈ ఉదంతాన్ని మీరు ఉదాహరణగా చూపవచ్చు.

ఒకవేళ వాతావరణమే కారణమని చివరకు తేలినా, సంస్థకు మినహాయింపు దొరికేది పరిహారం విషయంలో మాత్రమే. తిండి, నీరు, ఇతర సదుపాయాల బాధ్యత పోదు. ఈ మాటను మన సుప్రీంకోర్టు, మన హైదరాబాదు ప్రయాణికుడి వ్యాజ్యంలోనే తేల్చి చెప్పింది. 2006 డిసెంబరులో ఢిల్లీ నుంచి హైదరాబాదు రావలసిన ఒక చౌక ధరల సంస్థ విమానం పొగమంచు వల్ల గంటల తరబడి నిలిచిపోయింది. అందులో కూర్చుని ఇబ్బంది పడిన ప్రయాణికుడు హైదరాబాదులోని శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించగా, 10,000 రూపాయల పరిహారం, 2,000 రూపాయల ఖర్చులు ఇవ్వాలని తీర్పు వచ్చింది, హైకోర్టు దానిని సమర్థించింది. 2011లో సుప్రీంకోర్టు, ఆలస్యం వాతావరణం వల్ల జరిగినదనీ, వెళ్లిపోయే అవకాశం ఇచ్చినా ఆయన విమానంలోనే ఉండిపోయారనీ చెప్పి ఆ పరిహారాన్ని కొట్టివేసింది. కానీ అదే తీర్పులో, టికెట్టు చౌకదైనంత మాత్రాన దీర్ఘకాలం ఆగిపోయిన ప్రయాణికులకు ఆహారం, తాగునీరు, మరుగుదొడ్డి వంటి కనీస వసతుల బాధ్యత నుంచి సంస్థ తప్పించుకోలేదని స్పష్టం చేసింది. వ్యాజ్యం ఢిల్లీలోనే వేయాలన్న టికెట్టు షరతు హైదరాబాదు లోక్ అదాలత్‌కు అడ్డు కాదని కూడా చెప్పింది. ప్రయాణికుడు ఓడిపోయిన వ్యాజ్యమే అయినా మీ వంటి వారికి ఆ తీర్పులోని ఈ రెండు మాటలూ ఎంతో ఉపయోగపడతాయి.

మీ విషయంలో ఆహారం సంగతి చూద్దాం. ప్రయాణ వ్యవధి రెండున్నర గంటల వరకు ఉన్న విమానం రెండు గంటలు గాని అంతకు మించి గాని ఆలస్యమయ్యేటట్లుంటే, సకాలంలో చెక్-ఇన్ చేసిన వారికి వేచి ఉండే సమయానికి తగినట్లు భోజనం, అల్పాహారం ఉచితంగా ఇవ్వాలి. వ్యవధి అయిదు గంటల వరకు ఉంటే ఆలస్యం మూడు గంటలు, అంతకు మించిన ప్రయాణాలకు నాలుగు గంటలు. మీ ఆలస్యం దాదాపు నాలుగు గంటలు. రాత్రి భోజనం వేళ అంతా అందులోనే గడిచింది. బిస్కెట్ ప్యాకెట్‌ను భోజనం అనలేరు. అమ్మగారి మధుమేహం గురించి కౌంటరులో చెప్పి ఉంటే, అది ఎన్ని గంటలకు, ఎవరికి చెప్పారో గుర్తున్నంత వరకు ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

లాడ్జి ఖర్చు విషయంలో మాత్రం నేను మీకు పూర్తి భరోసా ఇవ్వలేను. ఆలస్యం 24 గంటలు దాటినప్పుడు, లేదా రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజామున మూడు గంటల మధ్య బయలుదేరవలసిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైనప్పుడు హోటల్ గది, అక్కడికి రాకపోకల ఏర్పాటు సంస్థే చేయాలని నిబంధన ఉంది. కానీ అది ఆలస్యం గురించి రాసిన భాగంలో ఉన్నది. మీది రద్దు, పైగా మీరు వాపసు తీసుకున్నారు, కాబట్టి మాకు సంబంధం లేదని వారు అనవచ్చు. దానికి మీ జవాబు ఇలా ఉండాలి: అర్ధరాత్రి 12:20కి రద్దు చెప్పి, ఎల్లుండి సాయంత్రం వరకు ఆగమన్నారంటే, ఆగినా గది ఇవ్వవలసినదే. ఊరికి దూరంగా ఉన్న విమానాశ్రయంలో, ఆ చలిలో, వృద్ధురాలితో ఉన్న కుటుంబానికి గది చూపకపోవడం సేవాలోపమే. వినియోగదారుల కమిషన్ దీనిని సానుభూతితో పరిశీలించే అవకాశం ఉంది. గది ఇస్తామని ఆ రాత్రి ఎవరూ అనలేదన్న మాటను మీ ఫిర్యాదులో తప్పక రాయండి.

కొత్త టికెట్ల కోసం అదనంగా పెట్టిన 15,300 రూపాయలు డీజీసీఏ నిబంధనల్లో ఎక్కడా లేవు. వాటిని సేవాలోపం వల్ల కలిగిన నష్టంగా కమిషన్ ముందు కోరాలి. నిబంధన ప్రకారం వచ్చే 14,700, ఈ 15,300 రెండూ పూర్తిగా ఇస్తారని ఆశించకండి. ఒక నష్టానికి రెండుసార్లు చెల్లించినట్లవుతుందని కమిషన్ భావిస్తే ఒక దానిలో మరొకటి సర్దుతుంది. అయినా రెండూ అడగండి, కారణాలు విడివిడిగా రాయండి.

వ్యాలెట్‌లో పడిన డబ్బు సంగతి వీటన్నిటి కంటే తేలిక, దానిని వెంటనే తేల్చుకోండి. వాపసును తరువాతి ప్రయాణం కోసం జమగా ఉంచుకోవాలా, డబ్బుగా తీసుకోవాలా అన్నది ప్రయాణికుడి ఇష్టమేనని, సంస్థ తనంతట తాను అలా చేయరాదని డీజీసీఏ వాపసు నిబంధన చెబుతున్నది. ఏజెంటు ద్వారా, వెబ్‌సైటు ద్వారా కొన్నా వాపసు బాధ్యత విమాన సంస్థదే, ఎందుకంటే ఏజెంట్లు దాని ప్రతినిధులు. అందువల్ల “వెబ్‌సైటును అడగండి” అని సంస్థ, “సంస్థను అడగండి” అని వెబ్‌సైటు తిప్పుతూ ఉంటే, ఇద్దరినీ ఒకే మెయిల్‌లో చేర్చి రాయండి. వ్యాలెట్‌లోని డబ్బులో ఒక్క రూపాయి కూడా ఈలోగా వాడకండి. వాడితే ఆ పద్ధతికి మీరు ఒప్పుకున్నారని అంటారు. వెబ్‌సైటు తన సేవకు వేరుగా తీసుకున్న రుసుము చిన్న మొత్తమే అయితే దాని కోసం ఎక్కువ పోరాడకుండా ఫిర్యాదులో ఒక వాక్యంగా చేర్చి వదిలేయండి.

ఇక ఎవరిని అడగాలన్నది. మొదట సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రాయండి, ప్రతి సంస్థ తన వెబ్‌సైటులో ఆ అధికారి పేరు, మెయిల్, ఆ పైన అప్పీలు వినే అధికారి వివరాలు ఉంచాలి. ఉత్తరం పొడుగ్గా ఉండనక్కరలేదు. తేదీ, విమానం సంఖ్య, పీఎన్ఆర్, మూడు సమయాల వాయిదాలు, రద్దు చెప్పిన వేళ, మీరు కోరే మొత్తాలు రాసి, ఆ తరువాత ఈ ప్రశ్నలు అడగండి: మొదటి సందేశంలో నిర్వహణ కారణమని, తరువాత వాతావరణమని రెండు రకాలుగా ఎందుకు చెప్పారు? ఆ వాతావరణం ఏ విమానాశ్రయంలో, ఏ వేళల్లో అడ్డుపడింది? ఆ రాత్రి ఆ విమానానికి సిబ్బంది డ్యూటీ సమయం మిగిలి ఉన్నదా? మీ చేతిలోని రెండు సందేశాలూ ఒకదానికొకటి పొసగకపోవడమే మీకున్న అతి పెద్ద ఆధారం. వాటిని స్క్రీన్‌షాట్లు తీసి, మెయిల్‌లో మీకు మీరే పంపుకుని భద్రపరచండి. బోర్డింగ్ పాసులు పారేయకండి.

పదిహేను రోజులు చూసి జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు దాటవేతగా ఉన్నా, పౌర విమానయాన శాఖ నడిపే ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. చాలామందికి వాపసు ఈ దశలోనే వచ్చేస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు చెప్పవచ్చు, అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆ రాత్రి మంచు గురించి సంస్థ సూటిగా చెప్పకపోతే, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌ను నిర్వహించే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. ఆ రాత్రి ఎనిమిది నుంచి ఒంటిగంట వరకు వారణాసి నుంచి ఎన్ని విమానాలు బయలుదేరాయి, తక్కువ దృశ్యత వల్ల రాకపోకలు ఏ సమయంలో నిలిచాయి అని మాత్రం అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

అప్పటికీ తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. వారణాసి వెళ్లనక్కరలేదు, సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న నగరానికీ వెళ్లనక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారుడు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. మీరు చెల్లించిన ధర అయిదు లక్షల లోపే కనుక రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు, కానీ అంతవరకు ఆగితే ఆధారాలు చెదిరిపోతాయి. ముగ్గురి తరఫునా ఒకే ఫిర్యాదు వేయండి, అమ్మగారి వైద్యుడి చీటీ నకలు జతపరచండి. వ్యాజ్యమంటే వెనుకాడే వారికి మరో మార్గం శాశ్వత లోక్ అదాలత్. విమాన ప్రయాణం ప్రజోపయోగ సేవ కిందికి వస్తుంది, ఫీజు ఉండదు, మొదట రాజీకి ప్రయత్నిస్తారు. వివరాలు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దొరుకుతాయి. అయితే ఒకసారి అక్కడికి వెళితే అదే వివాదాన్ని మరో న్యాయస్థానానికి తీసుకుపోలేరు, కాబట్టి రెండింటిలో ఒకటే ఎంచుకోండి. డబ్బు త్వరగా చేతికి రావడం ముఖ్యమైతే లోక్ అదాలత్, అమ్మగారికి జరిగిన దానికి జవాబు రాబట్టడం ముఖ్యమైతే కమిషన్ మేలని నేను అనుకుంటాను.

చివరిగా అమ్మగారి ఫ్రాంక్‌ఫర్ట్ ప్రయాణం. అక్కడ యూరోపియన్ యూనియన్ నిబంధన 261/2004 ఉంది, మన నిబంధనల కంటే ఎంతో బలమైనది. యూరోపియన్ యూనియన్ విమానాశ్రయం నుంచి బయలుదేరే ఏ సంస్థ విమానానికైనా అది వర్తిస్తుంది. బయటి నుంచి అక్కడికి వెళ్లేటప్పుడు మాత్రం విమానం యూరోపియన్ సంస్థదై ఉండాలి. అంటే హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు జర్మనీ సంస్థ విమానంలో వెళితే రానూపోనూ రక్షణ ఉంటుంది. గల్ఫ్ సంస్థ విమానాల్లో దుబాయి, దోహా మీదుగా వెళితే తిరుగు ప్రయాణానికి మాత్రమే ఉంటుంది, పోయేటప్పుడు ఉండదు. గమ్యానికి మూడు గంటలు, అంతకు మించి ఆలస్యంగా చేరితే, కారణం అసాధారణమైనది కాకపోతే, దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు చెల్లించాలి. హైదరాబాదు, ఫ్రాంక్‌ఫర్ట్ మధ్య దూరం 3,500 కిలోమీటర్లకు మించినది కనుక 600 తరగతి. ఆలస్యం నాలుగు గంటల లోపే ఉంటే సగానికి తగ్గించవచ్చు. ఈ మొత్తానికి టికెట్టు ధరతో సంబంధం లేదు. మామూలు సాంకేతిక లోపాలను అసాధారణ పరిస్థితులుగా చూపరాదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2008లోనే తీర్పు చెప్పింది. మన నిబంధనలో ఇటువంటి స్పష్టత ఇంకా రాలేదు, రావాలని నేను బలంగా కోరుకుంటున్నాను.

టికెట్టు కొనేటప్పుడు అన్ని విమానాలూ ఒకే టికెట్టు సంఖ్య కింద ఉండేటట్లు చూడండి. కొద్ది వేలు ఆదా అవుతాయని హైదరాబాదు నుంచి ముంబయికి ఒకటి, అక్కడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు వేరొకటి కొంటే, మొదటిది ఆలస్యమై రెండవది తప్పిపోయినప్పుడు ఆ రెండవ సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. ఒకే టికెట్టు మీద ఉంటే తదుపరి విమానంలో పంపవలసిన బాధ్యత వారిదే. బుకింగ్‌లో అమ్మగారి ఫోన్ నంబరుతో పాటు మీ నంబరు, మెయిల్ కూడా ఇవ్వండి. సరైన సంప్రదింపు వివరాలు ఇవ్వని వారికి రద్దు పరిహారం ఇవ్వనక్కరలేదని మన నిబంధనలో ఒక చిన్న వాక్యం ఉంది, వెబ్‌సైట్లు కొన్నిసార్లు ప్రయాణికుడి నంబరు బదులు తమ నంబరు ఇవ్వడం వల్ల చాలామంది దానికి బలవుతున్నారు. మధుమేహానికి తగిన భోజనం కావాలని, చక్రాల కుర్చీ సాయం కావాలని కనీసం రెండు రోజుల ముందే నమోదు చేయించండి. మందులు, మూడు పూటలకు సరిపడే తినుబండారాలు చేతి సంచిలోనే ఉంచి పంపండి, సామానులో వేయవద్దు.

నోడల్ అధికారికి పంపవలసిన ఉత్తరం ముసాయిదా సిద్ధం చేసి నాకు పంపితే చూసి సరిదిద్ది ఇస్తాను. మెటార్ నివేదికలు, ఇతర విమానాల వివరాలు దానికి జతపరచండి, లెక్క ఈ విధంగా వేయండి: నిబంధన ప్రకారం పరిహారం 14,700, లాడ్జి, కారు ఖర్చు 4,100, టికెట్ల ధరలో వ్యత్యాసం 15,300, మొత్తం 34,100 రూపాయలు, వ్యాలెట్‌లోని 18,900 బ్యాంకు ఖాతాకు మళ్లించడం దీనికి వేరు.